కలం కొట్లో అత్తరు సీసా

మా అన్నయ్య కొడుకు పోయిన సంక్రాంతికి జర్మనీ నుంచి వచ్చాడు. వాడుండేది హాంబర్గ్. ఆ ఊరి పేరు వినగానే మీకేం గుర్తొస్తుందో నాకు తెలియదు గానీ, నాకు మాత్రం కలం గుర్తొస్తుంది. ముప్పయ్యేళ్ళు బడిలో తెలుగు చెప్పి, ఎర్ర సిరాతో వేల కాగితాలు దిద్ది రిటైరైనవాణ్ణి. మాంట్‌బ్లాంక్ కలం అక్కడే తయారవుతుందని ఎప్పుడో చదివి పెట్టుకున్నాను. ఓసారి ఫోన్లో యథాలాపంగా అన్నట్టు, “ఒరేయ్, మీ ఊళ్ళో ఏదో కలాల ఫ్యాక్టరీ వుందటగా?” అన్నాను. అది యథాలాపం కాదని మా ఆవిడకి వెంటనే తెలిసిపోయింది. “పిల్లాణ్ణి కలం అడగడానికి సిగ్గు లేదూ?” అంది, ఫోను పెట్టేశాక.

వాడు ఊరికే రాలేదు. అరిసెలు తినడం అయ్యాక పెట్టె తెరిచి, అందులోంచి నల్లటి అట్టపెట్టె ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. పెట్టె మీద తెల్లటి చుక్క. నక్షత్రమంటే మనం గీసే అయిదు మొనల నక్షత్రం కాదు. ఆరు రేకులతో గుండ్రంగా, ముగ్గులో చివర పెట్టే పువ్వులా వుంటుంది. నా గుండె ఝల్లుమంది. చేతులు కడుక్కుని వచ్చి మరీ తెరిచాను. లోపల ఒక సీసా వుంది.

“అత్తరు బాబాయ్! ఎక్స్‌ప్లోరర్ అని. చాలా ఫేమస్” అన్నాడు వాడు.

నా మొహంలో ఏం కనపడిందో గానీ మా ఆవిడ చప్పున అందుకుని, “ఎంత మంచి వాసనరా!” అంది, మూత తియ్యకుండానే.

తప్పు పిల్లాడిది కాదు. నేను కలాల ఫ్యాక్టరీ అన్నాను. వాడు ఆ పేరుతో వున్న వస్తువు తెచ్చాడు. వాడి తరానికి మాంట్‌బ్లాంక్ అంటే కలం కాదు, ఒక పేరు. ఆ పేరు కింద కలమూ వుంటుంది, చేతి గడియారమూ వుంటుంది, తోలుసంచీ, బెల్టు, కళ్ళజోడు, కఫ్‌లింకులు, చెవులకి తగిలించుకునే హెడ్‌ఫోన్లు, ఇదిగో, ఈ అత్తరు సీసా కూడా వుంటాయి. కలాలవాడు ఇన్ని అమ్మొచ్చునా, అమ్మితే ఏమవుతుంది అన్నదే ఇవాళ్టి నా గోల. సీసా రాలేదన్న అక్కసుతో రాస్తున్నానని మీరు అనుకోవడానికి వీల్లేదు. సీసా వచ్చింది. రానిది కలం.

ముందు ఆ కంపెనీ పుట్టుక చెప్పాలి. 1906లో ఆల్‌ఫ్రెడ్ నేహెమియస్, ఔగుస్ట్ ఎబెర్‌స్టైన్ అనే ఇద్దరు మొదలెట్టారు. ఒకాయన దగ్గర వ్యాపార బుద్ధి, ఇంకొకాయన దగ్గర ఇంజనీరు చెయ్యి. కాగితాలూ స్టేషనరీ అమ్మే క్లాస్ యోహానెస్ ఫాస్ వాళ్ళతో చేరాడు. అప్పటికి సిరా కక్కని కలం అంటే గొప్ప వింత. పాళీని బుడ్డిలో ముంచి, విదిలించి, పక్కవాడి చొక్కా పాడుచేసి, నాలుగు మాటలు రాసి మళ్ళీ ముంచే రోజులవి. 1909లో వాళ్ళు నల్ల ఒళ్ళూ ఎర్ర నెత్తీ వున్న కలం ఒకటి తీసుకొచ్చి ‘రూజ్ ఎ న్వార్’ అని ఫ్రెంచి పేరు పెట్టారు. మరుసటి ఏడే మాంట్‌బ్లాంక్ అన్న పేరు పుట్టింది. జర్మనీవాళ్ళ కలానికి ఆల్ప్స్‌లోని కొండ పేరు! 1913లో ఆ కొండ మీది మంచుకి గుర్తుగా కలం నెత్తిన తెల్లచుక్క వచ్చింది. పాళీ మీద ‘4810’ అని చెక్కుతారు. అది కొండ ఎత్తు, మీటర్లలో. మంచు పెరుగుతూ తరుగుతూ వుంటుంది గనక కొండ ఎత్తు మారుతుంటుంది. 2023లో కొలిస్తే 4,805 మీటర్ల పైచిలుకు తేలింది. కొండ దిగినా పాళీ దిగలేదు.

వాళ్ళే కొంచెం చవగ్గా వుండే కలాలు కూడా అమ్మేవారు. వాటి పేరు మాంటే రోసా. అదీ ఆల్ప్స్‌లో కొండే. మాంట్‌బ్లాంక్ కన్నా కాస్త పొట్టి కొండ. డబ్బు తక్కువున్నవాడికి పొట్టి కొండ! ఈ చమత్కారం నాకు ఎంత నచ్చిందంటే, ఆ పేరు పెట్టిన మనిషెవరో దొరికితే కాఫీ ఇప్పించాలనిపించింది. చవక కలమైనా కొండేనన్నమాట, గుట్ట కాదు. 1980ల చివరికి వచ్చేసరికి కంపెనీ చవక సరుకు మొత్తం మానేసింది. ఇక పొడుగు కొండ ఒక్కటే మిగిలింది.

1924లో వచ్చింది అసలైన కలం. పేరు ‘మైస్టర్‌ష్టూక్’. ఈ మాట అర్థం తెలిస్తే తప్ప నా గోల మీకు అర్థం కాదు. పాతకాలపు జర్మనీలో వడ్రంగి గానీ కంసాలి గానీ కమ్మరి గానీ ఏళ్ళ తరబడి పని నేర్చుకున్నాక, తన చేత్తో ఒక వస్తువు చేసి ఆ వృత్తి పెద్దల ముందు పెట్టాలి. వాళ్ళు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి సరేనంటే అప్పుడు వాడు మేస్త్రీ. ఆ పరీక్ష వస్తువు పేరే మైస్టర్‌ష్టూక్. అంటే ఆ మాటలోనే ‘నేనే చేశాను, చూసుకోండి’ అన్న ధీమా వుంది.

1952లో అందులోనే ‘149’ అని లావుపాటి కలం వచ్చింది. ఇప్పటికీ వస్తోంది. పట్టుకుంటే చిన్న చుట్టలా వుంటుంది. మన దేశంలో ఇవాళ దాని ధర లక్ష రూపాయలకి అటూ ఇటూ. ఒంటికి వాడే నల్ల పదార్థాన్ని కంపెనీవాళ్ళు ‘ప్రెషస్ రెజిన్’ అంటారు. మనం ప్లాస్టిక్ అంటాం. మంచి ప్లాస్టిక్కే, కాదనను. కాని ప్లాస్టిక్‌కి ప్రెషస్ అని పేరు పెట్టిన రోజునే సగం అత్తరు వ్యాపారం మొదలైందని నా అనుమానం.

పాళీ సంగతి మాత్రం వేరు. దాని ముందు నోరు మూసుకోవాలి. బంగారపు రేకుని సాగగొట్టి, కోసి, వంచి, మొన మీద ఇరిడియం జాతి గట్టి లోహపు పూస అతికించి, చీల్చి, అరగదీసి, ముప్పైకి పైగా దశలు దాటిస్తే గానీ ఒక పాళీ తయారు కాదు. చివరి పరీక్ష చెవితో చేస్తారు. అలవాటు పడ్డ పనివాళ్ళు కూర్చుని కాగితం మీద సున్నాలూ ఎనిమిదులూ చుడుతూ, పాళీ గీరుకుంటోందా అని వింటారు. కంటికి కనపడని లోపం చెవికి వినపడుతుందట.

ఇది చదివినప్పుడు నాకు మా ఊరి కొట్టు గుర్తొచ్చింది. మెయిన్ రోడ్డు మీద కలాల కొట్టొకటి వుంది. నా చిన్నతనంలో అక్కడ ఒక పెద్దాయన గాజు పెట్టె వెనకాల కూర్చుని వుండేవాడు. మనం కలం ఇస్తే మాట్లాడకుండా పాళీ లాగేసి, కింద నాలుకలాంటి నల్లముక్కని గోరువెచ్చటి నీళ్ళలో కడిగి, మళ్ళీ దూర్చి, సిరాలో ముంచి, పాత కాలెండరు వెనక ‘శ్రీరామ’ అని రాసేవాడు. రాస్తూ తల పక్కకి వంచేవాడు. నేను ఆయనకి మెడనొప్పి కాబోలు అనుకునేవాణ్ణి. అరవై ఏళ్ళ తర్వాత, హాంబర్గ్‌లో చేసే పని గురించి చదివితే తెలిసింది, ఆయన వింటున్నాడని.

సరే, అత్తరు దగ్గరికి వద్దాం.

కలం నుంచి అత్తరు దాకా దారి ఒక్క గెంతులో పడలేదు. మొదట తోలు. 1930లలోనే జర్మనీలో తోలుపనికి పేరుపడ్డ ఒఫెన్‌బాఖ్ ఊళ్ళో ఈ కంపెనీ కలాల ఒరలూ సంచులూ చేయించింది. కత్తికి ఒర వున్నట్టు కలానికి ఒర. ఎవరూ తప్పు పట్టలేరు. తర్వాత 1977లో లండన్ డన్‌హిల్ కంపెనీ ఇందులో పెద్ద వాటా కొన్నది. ఆ డన్‌హిల్ సంగతి తమాషాగా వుంటుంది. గుర్రపు జీనుల కొట్టు. గుర్రాలు పోయి కార్లు రాగానే కారు నడిపేవాళ్ళ కోట్లూ కళ్ళజోళ్ళూ అమ్మింది. 1907లో పొగాకు కొట్టు పెట్టింది. ఆ తర్వాత మగవాళ్ళ అత్తరు కూడా అమ్మింది. అలాంటి ఇంట్లోకి కోడలుగా వెళ్ళిన కలం అత్తరు పూసుకోక ఏం చేస్తుంది? 1990లలో తోలు సంచులు పెరిగాయి. 1997లో గడియారాలు వచ్చాయి. 2001లో ‘ప్రెజెన్స్’ అని మొదటి అత్తరు వచ్చింది. ఇప్పుడు ఈ మొత్తం స్విట్జర్లాండు రిష్‌మాంట్ అనే పెద్ద సంస్థ చేతుల్లో వుంది.

ఇందులో గడియారాన్ని నేను క్షమించగలను. స్విట్జర్లాండులో విలరె అనే చిన్న ఊళ్ళో మినెర్వా అని 1858 నాటి గడియారాల పనిశాల వుంది. పందేల్లో క్షణాలు కొలిచే స్టాప్‌వాచీలకి అది పేరుమోసింది. అది మాంట్‌బ్లాంక్ గూటిలోకి వచ్చింది. అక్కడ ఇప్పటికీ చేతిపనివాళ్ళు కూర్చుని చిన్న చిన్న చక్రాలు చెక్కుతారు. అంటే పేరు కలంవాళ్ళదైనా పని గడియారంవాళ్ళే చేస్తున్నారు, ఆ పని తెలిసినవాళ్ళు, ఆ ఇంటి మనుషులు. అక్కడ మైస్టర్‌ష్టూక్ అన్నమాట చెల్లుతుంది.

అత్తరు అలా కాదు. 2010లో పారిస్‌లోని ఇంటర్‌పర్ఫ్యూమ్స్ అనే కంపెనీతో ఒప్పందం కుదిరింది. అత్తరు చేయించేదీ సీసా గీయించేదీ ఊరూరా అమ్మేదీ వాళ్ళు. తెల్లచుక్క వాడుకున్నందుకు కలంవాళ్ళకి ఇంత అని ముట్టజెబుతారు. ఆ పారిస్ కంపెనీయే చెప్పులకి పేరుమోసిన జిమ్మీ చూ పేరు మీదా, చేతిసంచుల కోచ్ పేరు మీదా కూడా అత్తర్లు చేస్తుంది. అంటే చెప్పు, సంచీ, కలం ఒకే వంటింట్లోంచి వాసన తెచ్చుకుంటున్నాయి. ఇందులో దొంగతనం ఏమీ లేదు, బహిరంగ ఒప్పందమే. మన ఊళ్ళో పెద్ద హోటలు పేరు అద్దెకి తీసుకుని పక్క ఊళ్ళో ఇంకొకాయన ఇడ్లీ వేస్తాడు చూడండి, అలాంటిది. ఇడ్లీ బాగుండొచ్చు కూడా. కాని తినేవాడు పెద్ద హోటల్లో తిన్నానని చెప్పుకుంటాడు.

మా ఆవిడతో ఇదంతా చెప్పాను. ఆవిడ కందిపప్పు ఏరుకుంటూ విని, “మీరు ఆ లక్ష రూపాయల కలం కొంటే మాత్రం ఏం రాస్తారు? చొక్కా జేబులో పెట్టుకుని నలుగురికీ కనపడేట్టు తిరుగుతారు. అదీ అత్తరులాంటిదే కదండీ” అంది.

అక్కడ దెబ్బ తగిలింది.

ఎందుకంటే అది నిజం. బాల్‌పెన్ను వచ్చిన రోజున ఫౌంటెన్ పెన్నుకి ఉద్యోగం పోయింది. తర్వాత కంప్యూటరొచ్చి బాల్‌పెన్ను ఉద్యోగం కూడా పీకేసింది. ఉద్యోగం పోయిన కలానికి రెండే దారులు. ఒకటి, మూత పడటం. రెండోది, నగగా మారటం. మాంట్‌బ్లాంక్ రెండోది ఎంచుకుంది. చవక కలాలు మానేసిన రోజునే అది రాసే వస్తువులు అమ్మే కొట్టు కాకుండా పోయింది. సంతకం పెట్టే వస్తువుల కొట్టయింది. సంతకం పెట్టే మనిషికి గడియారం వుంటుంది, కోటు వుంటుంది, కోటుకి వాసన వుంటుంది. లెక్క సరిపోయింది. నేను అత్తరు సీసా మీద కోప్పడుతున్నాను గానీ, కోపం రావాల్సింది ముప్పై నలభై ఏళ్ళ క్రితం. అప్పుడు నేను ఆ కలం బొమ్మ చూసి లొట్టలేస్తున్నాను.

కలాలు మాత్రమే అమ్ముకున్నవాళ్ళ గతేమయిందో కూడా చూడాలిగా. అమెరికావాళ్ళ షెఫర్ చేతులు మారి మారి 2022లో మన బెంగుళూరు విలియం పెన్ వాళ్ళ చేతికొచ్చింది. జర్మనీలోనే హైడెల్‌బర్గ్‌వాళ్ళ లామీ, చక్కటి కలాలు చేస్తారు, 2024లో జపాను మిత్సుబిషి పెన్సిల్ కంపెనీకి అమ్ముడుపోయింది. అత్తరు అమ్మనివాళ్ళు పుణ్యాత్ములై మిగిలారని చెప్పే వీలు నాకు లేదు.

కాని ఒక్కచోట మాత్రం మాంట్‌బ్లాంక్‌ని నేను వదలను. 2009లో గాంధీ జయంతికి వాళ్ళు గాంధీగారి పేరు మీద కలం విడుదల చేశారు. బంగారపు కలం. పాళీ మీద చేతికర్రతో నడుస్తున్న గాంధీ బొమ్మ. దండియాత్ర 241 మైళ్ళు కాబట్టి 241 కలాలు. ఒక్కోటి పదకొండు లక్షల రూపాయల పైన! చిన్న పెన్సిలు ముక్క పోతే వెతికించి గానీ నిద్రపోలేదని చెప్పుకునే మనిషి పేరు మీద! కేరళ హైకోర్టులో ఎవరో వ్యాజ్యం వేశారు. జాతీయ చిహ్నాలనూ పేర్లనూ వ్యాపారానికి వాడకూడదని 1950 నాటి చట్టం ఒకటుంది. 2010లో కంపెనీ ఆ కలాన్ని మన దేశంలో అమ్మడం ఆపింది.

నాకు కోపం ధర మీద కాదు. గాంధీగారి కలం అప్పటికే వుంది. అది మాకు దగ్గర్లోనే, రాజమండ్రిలో వుంది. కోసూరి వెంకటరత్నంగారు 1921లో గాంధీగారిని కలిస్తే, మామూలు మనిషికి పనికొచ్చే వస్తువేదైనా మన దేశంలోనే చేసి చూపించమన్నారట ఆయన. రత్నంగారు పదేళ్ళు పైగా తంటాలు పడి కలం చేశారు. కుమారప్పగారి ద్వారా అది గాంధీగారికి చేరింది. 1935 జూలైలో గాంధీగారు ఉత్తరం రాశారు, కలం వాడి చూశాననీ, బజార్లో దొరికే విదేశీ కలాలకి బదులు ఇది చక్కగా పనికొస్తుందనీ. ‘రత్నం పెన్ను’ అంటే గోదావరి జిల్లాలవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు. ఎబొనైటు కడ్డీని తరిమెన మీద పట్టి, చేత్తో తిప్పి చేసిన కలం. ఒక మనిషి ఒక మనిషితో ‘నేనే చేశాను, చూసుకోండి’ అన్నాడు. రెండో మనిషి వాడి చూసి, బాగుందన్నాడు. జర్మనీవాళ్ళు మైస్టర్‌ష్టూక్ అన్నది దీన్నేగా! ఆ మాట తమదే అయినవాళ్ళు గాంధీగారి దగ్గరికి వచ్చేసరికి దాన్ని మరిచిపోయి మైళ్ళు లెక్కపెట్టుకున్నారు.

మా నాన్నగారి దగ్గర రాజమండ్రి కలం వుండేది. ఇప్పుడు నా దగ్గర వుంది. నల్లటి ఎబొనైటు, మూత దగ్గర కాస్త గోధుమరంగు తిరిగింది. ఎబొనైటంటే గంధకం కలిపి ఉడికించిన రబ్బరు. అరచేతుల మధ్య గట్టిగా రుద్దితే ఇప్పటికీ ఆ వాసన వస్తుంది. కాస్త ఘాటుగా, కొత్త సైకిలు ట్యూబులా. దానికి తోడు సిరా వాసన. బూజు పట్టకుండా పాత సిరాల్లో ఫినాలు కలిపేవారు. ఆస్పత్రి వరండాలోంచి వచ్చినట్టుండే వాసన అదే. మా నాన్నగారి జేబు అలా వుండేది. నెలాఖరున ఆయన లెక్కలు రాసుకుంటుంటే పక్కన కూర్చున్నవాణ్ణి గనక నాకు తెలుసు. కలానికి వాసన లేక అత్తరు పూశారంటే ఒప్పుకోను. వున్న వాసన వదిలేసి ఇంకోటి కొన్నారు.

అయితే విమర్శ రాసేవాడు వస్తువుని చూడకుండా రాయకూడదు. అంచేత పిల్లాడు వెళ్ళిపోయిన మూడోరోజున, మా ఆవిడ గుడికి వెళ్ళినప్పుడు, సీసా తీశాను. సీసా చుట్టూ తోలు చుట్టినట్టుగా గరుకుగా చేశారు. తమ తోలుసంచుల గరుకే అది. మూత మీద తెల్లచుక్క. మణికట్టు మీద ఒక్కసారి నొక్కాను. మొదట నిమ్మజాతి వాసనేదో ముక్కుకి తగిలింది. ఇటలీలో కలాబ్రియా వైపు పండే బెర్గమాట్ అట. బాగానే వుంది, సబ్బులా వుంది, ఇంతేనా అనుకుని పేపరు చదువుకుంటూ కూర్చున్నాను.

ఓ అరగంటయ్యాక పేజీ తిప్పబోతూ ఆగిపోయాను. నా మణికట్టు దగ్గర వేసవికాలం వుంది.

వట్టివేళ్ళు!

మా అమ్మ కుండలో మంచినీళ్ళు పోసి చిన్న వట్టివేళ్ళ కట్ట వేసేది. కలెక్టరాఫీసు కిటికీలకి వట్టివేళ్ళ తడికెలు కట్టి, బంట్రోతు నీళ్ళు చల్లుతుంటే, పని లేకపోయినా ఆ వరండాలో నిలబడేవాళ్ళం. ఆ వాసనే. తర్వాత ఆరా తీశాను. ఈ ఎక్స్‌ప్లోరర్ 2019లో వచ్చింది. ముగ్గురు పరిమళకారులు కలిసి కూర్చారు. కరేబియన్ దీవుల్లో హైతీ నుంచి తెచ్చిన వట్టివేరు నూనె అందులో ముఖ్యం. ఇండొనేషియా సులవేసి దీవి నుంచి పచ్చౌలీ ఆకు. ప్రపంచమంతా ఆ వేరుని ‘వెటివర్’ అంటారు. ఆ మాట తమిళుల ‘వెట్టివేర్’. మొక్క మన దక్షిణాది మొక్క. ఎక్కడో హైతీలో పండి, పారిస్‌లో సీసాలోకి దిగి, జర్మనీ కలం పేరు పెట్టుకుని, మా అన్నయ్య కొడుకు చేతుల మీదుగా మా ఇంటికొచ్చింది, మా అమ్మ కుండ దగ్గరికి.

అంచేత నా తీర్పు ఇలా వుంది. అత్తరు మంచిది. కూర్చినవాళ్ళకి పని తెలుసు, ఆ ముగ్గురికీ దండం. నా తగాదా సీసాతో కాదు, మూతతో. ఆ ముగ్గురి పేర్లు మూత మీద లేవు. వాళ్ళూ మేస్త్రీలే కదా! పాళీ చేసినవాడు ‘4810’ చెక్కితే అది వాడి పనికి గుర్తు. అత్తరు కూర్చినవాడి పని మీద మాత్రం కలంవాడి చుక్క.

ఈ వ్యాసం ఇక్కడిదాకా రాసేసరికి మా నాన్నగారి కలం సిరా ఆపేసింది. ఎండిపోయిందేమోనని కడిగాను. లాభం లేదు. చాలా ఏళ్ళ తర్వాత మెయిన్ రోడ్డు మీది కొట్టుకి పట్టుకెళ్ళాను. పెద్దాయన లేడు. ఆయన కొడుకు కూర్చున్నాడు, ఆయనకీ జుట్టు నెరిసింది. కొట్టు ముందు అద్దాల్లో ఒక్క కలం లేదు. చేతి గడియారాలు, బెల్టులు, పర్సులు, నల్ల కళ్ళజోళ్ళు. పై అరలో వరసగా అత్తరు సీసాలు! నేను అక్కడే నిలబడి నవ్వుకున్నాను. ఆయన అనుమానంగా చూశాడు.

“కలాలు మానేశారా?” అన్నాను.

“ఎవరు కొంటారు మాస్టారూ? బెల్టులే నడిపిస్తున్నాయి కొట్టుని” అన్నాడు. కలం చేతికిస్తే మూత తీసి చూసి, “రాజమండ్రి సరుకు” అన్నాడు. వెనక గదిలోకి వెళ్ళి రేకు డబ్బా ఒకటి తెచ్చాడు. నిండా పాళీలు, కాగితపు పొట్లాల్లో. “నాన్నగారి డబ్బా. పారెయ్యబుద్ధి కాలేదు. బెల్టులు అమ్మకపోతే ఈ కొట్టు ఎప్పుడో సెల్‌ఫోన్లవాడి పాలయ్యేది, ఈ డబ్బా తూకానికి పోయేది” అన్నాడు.

నేనేమీ అనలేదు. ఏమనగలను? పొద్దున్న దాకా హాంబర్గ్‌వాళ్ళని దులిపి వచ్చినవాణ్ణి.

నాలుగు పాళీలు పెట్టి చూశాడు. అయిదోది కుదిరింది. సిరాలో ముంచి, బెల్టు కొన్నవాళ్ళకిచ్చే కాగితపు సంచీ మీద ‘శ్రీరామ’ అని రాశాడు. రాస్తూ తల పక్కకి వంచాడు.

ఎనభై రూపాయలు తీసుకున్నాడు.

ఇంటికొచ్చి, ఆ కలంతోనే మా వాడికి ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. అత్తరు బాగుందనీ, అందులో వాళ్ళ నాయనమ్మ మంచినీళ్ళ కుండ వాసన వస్తోందనీ, ఆవిణ్ణి వాడు చూడలేదు గనక సీసా మూత తీసి ఓ అరగంట ఓపిక పట్టమనీ. హాంబర్గ్ చిరునామా కవరు మీద రాస్తూ స్పెల్లింగు సందేహం వచ్చి ఫోన్ చేశాను.

“ఉత్తరమా! పోస్టులో ఎందుకు బాబాయ్, ఎప్పటికి చేరుతుందో. ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టెయ్యి” అన్నాడు.

మా ఆవిడ ఫొటో తీసింది. మూడో పేజీలో సిరా అలుక్కుపోయిన చోట కూడా స్పష్టంగానే వచ్చింది. కాగితాలు మడిచి కవర్లో పెట్టి, మణికట్టు మీద మిగిలిన వట్టివేళ్ళ వాసన ఆ కవరుకి కాస్త రుద్ది, సాయంత్రం పోస్టాఫీసుకి వెళ్ళాను.